డీజెల్ కారు ఎవరికి లాభం?

కారు కొనదలచిన కుటుంబానికి అమ్మకశాలలో ఎదురయ్యే మొదటి ప్రశ్నలలో ఒకటి పెట్రోలుదా, డీజెల్‌దా అన్నది. చూడడానికి రెండు కార్లూ ఒకే విధంగా ఉంటాయి. రంగు, ఆకారం, సీట్లు అన్నీ ఒకటే. అయితే డీజెల్ ఇంజను పెట్టిన కారు ఖరీదు తరచు లక్ష రూపాయలకు పైగా ఎక్కువ. ఆ అధిక ధరకు అమ్మేవారు చెప్పే సమాధానం చాల చిన్నది: "లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు ఎక్కువ నడుస్తుంది."

ఈ మాట అబద్ధం కాదు. కాని పూర్తి నిజం కూడ కాదు. మధ్యతరగతి కుటుంబం ఇల్లు తరువాత అంత పెద్ద మొత్తం ఖర్చుపెట్టేది కారుమీదనే. ఆ నిర్ణయం పదేండ్ల వరకు వెంట ఉంటుంది. ఒక్క అంకెను నమ్మి అంత పెద్ద నిర్ణయం చేయడం వివేకం కాదు. ఆ అంకె వెనుక కొంత భౌతికశాస్త్రం, కొంత రసాయనశాస్త్రం, కొంత అంకగణితం ఉన్నవి. ఇవన్నీ ఉన్నత పాఠశాల విద్యార్థికి అందుబాటులో ఉన్న విషయాలే.

రెండు ఇంజన్లు, రెండు పద్ధతులు

సైకిలు చక్రానికి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగాన్ని తాకి చూస్తే వెచ్చగా ఉంటుంది. గాలిని త్వరగా నొక్కి చిన్న చోటులో ఇమిడిస్తే దాని ఉష్ణోగ్రత పెరుగుతుంది. నొక్కడానికి చేసిన పని ఉష్ణంగా మారుతుంది. డీజెల్ ఇంజనుకు ఆధారం ఈ చిన్న సత్యమే.

పెట్రోలు ఇంజనులో పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమాన్ని సిలిండరులో పిస్టను నొక్కుతుంది. నొక్కడం పూర్తి కావచ్చే సమయానికి స్పార్కు ప్లగ్గులో పుట్టిన విద్యుత్ రవ్వ ఆ మిశ్రమాన్ని అంటిస్తుంది. జర్మనీ దేశస్థుడు నికొలాస్ ఒట్టో 1876లో నిర్మించిన నాలుగు తాపుల ఇంజను ఈ జాతికి మూలం.

డీజెల్ ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఉండదు. పిస్టను ఇక్కడ నొక్కేది కేవలం గాలినే. అది ఎంతో గట్టిగా నొక్కబడి, ఎంతో వేడెక్కిన క్షణంలో డీజెల్ నూనెను సన్నని తుంపరగా లోనికి చిమ్ముతారు. ఆ వేడికి నూనె తనంతట తానే అంటుకొంటుంది.

ఎంత గట్టిగా నొక్కుతారు? సిలిండరులోని వాయువు మొదట ఆక్రమించిన చోటును, నొక్కిన పిమ్మట ఆక్రమించిన చోటుతో భాగిస్తే వచ్చే అంకెను సంపీడన నిష్పత్తి అంటారు. పెట్రోలు కార్లలో ఇది సుమారు 9 నుండి 12 వరకు, నేటి డీజెల్ కార్లలో సుమారు 15 నుండి 18 వరకు ఉంటుంది. 27 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద, అనగా 300 కెల్విన్ వద్ద ఉన్న గాలిని 16వ వంతు చోటులోనికి నొక్కితే, ఉష్ణం ఏమాత్రం బయటికి పోలేదనుకొన్నప్పుడు, దాని ఉష్ణోగ్రత సుమారు 909 కెల్విన్‌కు, అనగా 636 డిగ్రీలకు చేరుతుంది. నిజమైన ఇంజనులో సిలిండరు గోడలు కొంత ఉష్ణాన్ని హరిస్తాయి గనుక అంత రాదు. అయినా డీజెల్ నూనె అంటుకొనడానికి కావలసిన దానికంటె అది చాల ఎక్కువ.

పెట్రోలు మిశ్రమాన్ని కూడ ఇంత గట్టిగా నొక్కరాదా అన్న సందేహం రావచ్చును. నొక్కితే రవ్వ పుట్టకముందే, లేక రవ్వ మంట అంతటా వ్యాపించకముందే, మిశ్రమం ఎక్కడికక్కడ పేలుతుంది. ఇంజను సుత్తితో కొట్టినట్లు శబ్దం చేస్తుంది, క్రమంగా పాడవుతుంది. డీజెల్ ఇంజనులో నొక్కేటప్పుడు నూనె లోపల లేనేలేదు. కనుక ఆ భయం లేదు.

ఎక్కువగా నొక్కడంవలన ప్రయోజనం ఏమి? దహనమైన వాయువు తిరిగి అంత ఎక్కువగా వ్యాకోచిస్తుంది. వ్యాకోచించే దూరం పెరిగిన కొలది ఉష్ణంలో ఎక్కువ భాగం పనిగా మారుతుంది. పొగతో వ్యర్థంగా పోయే భాగం తగ్గుతుంది. దీనికి తోడు మరొక సౌలభ్యం కలదు. పెట్రోలు కారు మెల్లగా పోతున్నప్పుడు గాలి వచ్చే దారిని ఒక తలుపు సగం మూసివేస్తుంది. ఇంజను ఆ సందుగుండా గాలిని బలవంతంగా పీల్చుకొనవలెను. ఆ శ్రమకు కొంత ఇంధనం ఖర్చవుతుంది. డీజెల్ ఇంజనులో శక్తిని తగ్గించడానికి నూనెను తగ్గిస్తే చాలును, గాలిని అడ్డగించనక్కరలేదు.

రుడాల్ఫ్ డీజెల్ సాధించినది

ఈ ఇంజనుకు పేరిచ్చిన రుడాల్ఫ్ డీజెల్ 1858లో పారిస్ నగరంలో జర్మన్ తలిదండ్రులకు జన్మించాడు. ఆ కాలపు ఆవిరి యంత్రాలు బొగ్గులోని ఉష్ణంలో పదవ వంతును కూడ పనిగా మార్చలేక మిగిలినదంతా వృథా చేయడం అతనిని కలవరపెట్టింది. 1892లో తన ఊహకు పేటెంటు కోరాడు. ఆగ్స్‌బర్గ్ పట్టణంలోని కర్మాగారంలో ఎన్నో ప్రయత్నాలు విఫలమైన పిమ్మట, 1897లో జరిగిన పరీక్షలో అతని ఇంజను ఇంధనంలోని ఉష్ణంలో సుమారు 26 శాతాన్ని పనిగా మార్చింది. ఆనాటికి అది అపూర్వం. 1913లో ఓడలో ఇంగ్లండుకు పోతూ అతడు రాత్రివేళ అదృశ్యమైనాడు. తన ఇంజను కారులో అమరడం అతడు చూడలేదు.

మొదట ఈ ఇంజన్లు చాల బరువైనవి. కర్మాగారాలకు, ఓడలకు, తరువాత లారీలకు మాత్రమే పనికివచ్చాయి. తెలుగు పల్లెలలో బావుల నుండి నీరు తోడిన, బియ్యపు మిల్లులను నడిపిన ఆయిలు ఇంజన్లు కూడ ఈ వంశానికి చెందినవే. 1936లో మెర్సిడెస్ బెంజ్ సంస్థ 260 డి అన్న డీజెల్ కారును ప్రదర్శించి, వరుసగా తయారుచేసి అమ్మసాగింది. స్విట్జర్లాండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బూహి 1905లో పేటెంటు పొందిన టర్బో, అనగా పొగ వేగంతోనే తిరుగుతూ సిలిండరులోనికి అదనపు గాలిని తోసే పంకా, కాలక్రమాన డీజెల్ కారుకు బలాన్నిచ్చింది. 1997లో, అన్ని సిలిండర్లకు ఒకే గొట్టం నుండి అత్యధిక పీడనంతో నూనె అందించే పద్ధతి కార్లలోనికి వచ్చింది. అప్పటినుండి డీజెల్ కారు మోత, కుదుపు చాలవరకు తగ్గినవి.

నేటి మంచి డీజెల్ ఇంజను అనుకూలమైన స్థితిలో ఇంధనపు ఉష్ణంలో సుమారు 40 శాతాన్ని పనిగా మార్చగలదు. సాధారణ పెట్రోలు ఇంజను సుమారు 35 శాతం వరకు మార్చగలదు. ఈ తేడా నిజమైనదే. కాని అది అమ్మకశాలలో చెప్పే తేడాకంటె చిన్నది. మిగిలిన తేడా ఎక్కడినుండి వచ్చింది?

లీటరు అన్న కొలతలోని చిక్కు

పెట్రోలును, డీజెల్‌ను బంకులో లీటర్లలెక్కన అమ్ముతారు. లీటరు అన్నది ఇంధనం ఆక్రమించే చోటుకు కొలత. దానిలో దాగిన ఉష్ణానికి కొలత కాదు. లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. లీటరు డీజెల్ బరువు సుమారు 830 గ్రాములు. లీటరు పెట్రోలు కాల్చితే సుమారు 32 మెగాజౌళ్ల ఉష్ణం, లీటరు డీజెల్ కాల్చితే సుమారు 36 మెగాజౌళ్ల ఉష్ణం వస్తాయి. అనగా డీజెల్ లీటరులో ఎనిమిదవ వంతు ఉష్ణం ముందే ఎక్కువగా ఉన్నది.

ఒకే రకమైన రెండు కార్లలో పెట్రోలుది లీటరుకు 16 కిలోమీటర్లు, డీజెల్‌ది 20 కిలోమీటర్లు నడుస్తాయనుకొందాము. తేడా 25 శాతం. ఇందులో సుమారు సగం చిక్కని ఇంధనం వలన వచ్చినది. తక్కిన సగం మాత్రమే ఇంజను గొప్పతనం.

ఈ విషయం మరచితే బొగ్గుపులుసు వాయువు లెక్క కూడ తప్పుతుంది. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు, లీటరు డీజెల్ కాలితే సుమారు 2.65 కిలోగ్రాములు పుడతాయి. పై కార్లలో పెట్రోలుది కిలోమీటరుకు 144 గ్రాములు, డీజెల్‌ది సుమారు 133 గ్రాములు వదలుతాయి. లీటరుకు 25 శాతం ఎక్కువ నడిచినా, భూమిని వేడెక్కించే వాయువు తగ్గినది 8 శాతం మాత్రమే.

ఇటీవల మన దేశంలో మరొక మార్పు వచ్చింది. 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలపడం దేశమంతటా అమలుకు వచ్చింది. లీటరు ఇథనాలులో ఉండే ఉష్ణం పెట్రోలులో ఉన్నదానిలో సుమారు మూడింట రెండు వంతులే. అందుచేత పెట్రోలు కారు లీటరుకు నడిచే దూరం కొంత తగ్గుతుంది. లెక్క వేసేవారు పాత అంకెలను కాక, ఇప్పుడు ఆ కారు నడిపేవారికి నిజంగా వస్తున్న అంకెను తీసుకొనవలెను.

ఖరీదు ఎందుకు ఎక్కువ?

డీజెల్ ఇంజనులో దహనం జరిగే క్షణాన పీడనం సాధారణ పెట్రోలు ఇంజనులోకంటె సుమారు రెట్టింపు ఉంటుంది. ఆ దెబ్బకు తట్టుకొనడానికి సిలిండరు, పిస్టను, తిరుగుడు కడ్డీ అన్నీ బలంగా, బరువుగా ఉండవలెను. నూనెను తుంపరగా చిమ్మే రంధ్రాల వ్యాసం మిల్లీమీటరులో పదవ వంతు ప్రాంతంలో ఉంటుంది. వాటిగుండా నూనెను చిమ్మే పీడనం వాతావరణ పీడనానికి 1,600 రెట్లు, అంతకు మించి కూడ ఉంటుంది. ఇట్టి పంపును తయారుచేయడానికి ఎంతో సున్నితమైన పనితనం కావలెను. టర్బో ఖర్చు వేరు. పొగను శుభ్రపరచే పరికరాల ఖర్చు ఇంకొకటి. ఇవన్నీ కలిసి కారు ధరను పెంచుతాయి. తరువాత మరమ్మతు వస్తే ఆ ఖర్చును కూడ పెంచుతాయి.

ఈ నిర్మాణం వలన ఒక మేలు కూడ ఉన్నది. డీజెల్ ఇంజను తక్కువ వేగంతో తిరిగేటప్పుడే గట్టిగా లాగుతుంది. నిండుగా మనుషులతో, సామానుతో ఘాటు రోడ్డు ఎక్కవలసిన బండికి ఇది ఎంతో ఉపకారం. లారీలు, బస్సులు, ట్రాక్టర్లు డీజెల్‌తో నడవడానికి ఇది ఒక ముఖ్యకారణం.

లాభనష్టాల లెక్క

2024లో హైదరాబాదులో పెట్రోలు లీటరు సుమారు 107 రూపాయలు, డీజెల్ సుమారు 96 రూపాయలు ఉండేవి. పైన అనుకొన్న రెండు కార్లను తీసుకొందాము. పెట్రోలు కారుకు కిలోమీటరు ఖర్చు 107ను 16తో భాగించగా 6 రూపాయల 69 పైసలు. డీజెల్ కారుకు 96ను 20తో భాగించగా 4 రూపాయల 80 పైసలు. ప్రతి కిలోమీటరుకు మిగిలేది 1 రూపాయి 89 పైసలు.

డీజెల్ కారు ధర 1,40,000 రూపాయలు ఎక్కువ అనుకొంటే, ఆ మొత్తాన్ని 1.89తో భాగించగా సుమారు 74,000 వస్తుంది. అనగా 74,000 కిలోమీటర్లు నడిచిన తరువాతనే అదనంగా పెట్టిన డబ్బు తిరిగి వస్తుంది.

ఇప్పుడు ఇద్దరిని పోల్చి చూడవచ్చును. వరంగల్లులో నివసించే ఒక ఉపాధ్యాయుడు ఉన్నాడనుకొందాము. బడి ఆరు కిలోమీటర్ల దూరం. అప్పుడప్పుడు సొంత ఊరి ప్రయాణం కూడ కలుపుకొని నెలకు 800 కిలోమీటర్లు, సంవత్సరానికి 9,600 కిలోమీటర్లు తిరుగుతాడు. ఆ డబ్బు రావడానికి అతనికి 7 సంవత్సరాల 8 నెలలకు పైగా పడుతుంది. రెండవవాడు ఖమ్మంలోని వ్యాపారి. వారానికొకసారి, సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు పోయి వస్తాడు. ఊరిలో తిరుగుడుతో కలిపి నెలకు 2,000, సంవత్సరానికి 24,000 కిలోమీటర్లు. అతనికి మూడేండ్లు దాటగానే డబ్బు తిరిగివస్తుంది.

లెక్క ఇంతటితో ముగియలేదు. అదనపు 1,40,000 రూపాయలను 9 శాతం వడ్డీకి అప్పు తెచ్చారనుకొంటే మొదటి సంవత్సరపు వడ్డీయే సుమారు 12,600 రూపాయలు. అప్పు చేయకపోయినా ఆ డబ్బు బ్యాంకులో ఉంటే కొంత వడ్డీ వచ్చేది గనుక ఈ ఖర్చు ఏదో ఒక రూపంలో ఉన్నట్లే. నూనె, వడపోతలు, సంరక్షణకు డీజెల్ కారుకు ఏడాదికి 5,000 రూపాయలు ఎక్కువ అవుతుందనుకొందాము. ఉపాధ్యాయునికి ఇంధనంలో మిగిలేది సంవత్సరానికి 18,144 రూపాయలు. అందులో వడ్డీ, సంరక్షణ ఖర్చు పోగా చేతిలో మిగిలేది 544 రూపాయలు! వ్యాపారికి ఇంధనంలో మిగిలేది 45,360. ఖర్చులు పోగా 27,760 రూపాయలు. ఒకే కారు, ఒకే ధర, ఒకే ఇంజను. ఒకరికి లాభం, మరొకరికి భ్రమ. తేడా అంతా తిరిగే దూరంలో ఉన్నది.

కారును తిరిగి అమ్మినప్పుడు డీజెల్ కారుకు 40,000 రూపాయలు ఎక్కువ వస్తుందని నమ్మకం ఉంటే, అదనపు ధరను 1,00,000గా భావించి లెక్క వేయవచ్చును. అప్పుడు వడ్డీ మాట అటుంచితే 53,000 కిలోమీటర్లకే డబ్బు తిరిగి వస్తుంది. కాని పదేండ్ల తరువాతి ధరను ముందుగా ఊహించడం కష్టం.

ధరల చరిత్ర చెప్పే పాఠం

డీజెల్ కారు లాభమన్న అభిప్రాయం జనంలో బలపడినది ధరల తేడా పెద్దదిగా ఉన్న రోజులలో. లారీలు, బస్సులు, రైతుల పంపులు నడవడానికి డీజెల్ చౌకగా ఉండవలెనని ప్రభుత్వం దాని ధరను అదుపులో ఉంచేది. పెట్రోలు ధరపై నియంత్రణ 2010 జూన్‌లో తొలగింది. డీజెల్‌పై మాత్రం కొనసాగింది. 2012 మేలో ఢిల్లీలో పెట్రోలు లీటరు 73 రూపాయల 18 పైసలు కాగా, డీజెల్ 40 రూపాయల 91 పైసలే. రైతుకోసం ఉద్దేశించిన చౌకధర కారు యజమానికి కూడ దక్కింది. ఆ కాలంలో దేశంలో అమ్ముడైన కొత్త కార్లలో సుమారు సగం డీజెల్‌వే.

2014 అక్టోబరులో డీజెల్ ధరపై కూడ నియంత్రణ తొలగింది. 2020 జూన్ 24న ఢిల్లీలో డీజెల్ లీటరు 79 రూపాయల 88 పైసలు, పెట్రోలు 79 రూపాయల 76 పైసలు. డీజెల్ ధర పెట్రోలును మించిపోయింది!

పై లెక్కలో మిగిలిన అంకెలన్నీ మార్చక, కేవలం ఇంధనపు ధరలను మార్చి చూస్తే, 2012 నాటి ఢిల్లీ ధరలతో 55,000 కిలోమీటర్లకే డబ్బు తిరిగివస్తుంది. 2020 జూన్ నాటి ధరలతో 1,41,000 కిలోమీటర్లు నడపవలెను. కారు మారలేదు, ఇంజను మారలేదు. బంకులోని ధర మాత్రమే మారింది. పదేండ్ల పాటు ఉండే వస్తువును ఈనాటి ధరను మాత్రమే చూసి కొనరాదని దీనివలన తెలుస్తుంది.

పొగలో ఏమున్నది?

యజమాని లెక్కలో కనబడని ఖర్చు ఒకటి ఉన్నది. దానిని చెల్లించేది రోడ్డు పక్కన నడిచేవారు, బడికి పోయే పిల్లలు.

డీజెల్ తుంపరలో ప్రతి బిందువు చుట్టూ గాలి ఉన్నా, బిందువుల గుంపు మధ్యకు తగినంత ఆమ్లజని చేరదు. అక్కడ నూనె సగం కాలి మసి అవుతుంది. ఈ మసి రేణువులు చాలవరకు మిల్లీమీటరులో వెయ్యవ వంతుకంటె చిన్నవి. ముక్కులోని వెంట్రుకలు, జిగురు వాటిని ఆపలేవు. అవి ఊపిరితిత్తుల లోతులకు చేరుతాయి. మంట వేడి మిక్కుటమైన చోట, మామూలుగా దేనితోనూ కలవని నత్రజని కూడ ఆమ్లజనితో కలిసి నత్రజని ఆక్సైడులను ఏర్పరుస్తుంది. ఇవి శ్వాసనాళాలను బాధిస్తాయి. ఎండలో ఇతర వాయువులతో కలిసి ఓజోన్ పుట్టడానికి తోడ్పడతాయి. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో డీజెల్ పొగను మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది.

పెట్రోలు కారు పొగను శుభ్రపరచడం కొంత సులభం. దాని పొగలో ఆమ్లజని దాదాపు మిగలదు. కనుక పొగగొట్టంలోని ఉత్ప్రేరకం నత్రజని ఆక్సైడులలోని ఆమ్లజనిని లాగి, కాలని పదార్థాలను కాల్చడానికి వాడగలదు. డీజెల్ పొగలో ఆమ్లజని ధారాళంగా మిగిలి ఉంటుంది. అందువలన ఆ ఉపాయం సాగదు. కొన్ని కార్లలో యూరియా ద్రావణాన్ని పొగలోనికి చిమ్ముతారు. వేడికి యూరియా నుండి అమ్మోనియా పుట్టి, నత్రజని ఆక్సైడులను నత్రజనిగాను, నీటి ఆవిరిగాను మారుస్తుంది. ఈ ద్రావణంలో యూరియా 32.5 శాతం. అది మిక్కిలి శుద్ధమైనది కావలెను. పొలంలో చల్లే యూరియాను నీటిలో కలిపి పోస్తే పరికరం పాడవుతుంది.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా భారత్ స్టేజి 6 ప్రమాణాలు అమలులోనికి వచ్చాయి. అంతకుముందు డీజెల్ కారు కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల వరకు నత్రజని ఆక్సైడులను వదలవచ్చును. ఇప్పుడు 80 మిల్లీగ్రాములు మించరాదు. రేణువుల పరిమితి 25 మిల్లీగ్రాముల నుండి 4.5కు తగ్గింది. ఇంధనంలోని గంధకం పదిలక్షల పాళ్లలో 50 నుండి 10 పాళ్లకు తగ్గింది. ఈ మార్పు ఎంతో మేలు చేసింది. అయితే ఈ పరికరాల ఖర్చు వలన చిన్న డీజెల్ కార్లు గిట్టుబాటు కాక, మారుతి సుజుకి సంస్థ 2020 నుండి డీజెల్ కార్ల తయారీని మానుకొన్నది.

ప్రమాణం కాగితంమీద ఉన్నంతమాత్రాన చాలదని 2015 సెప్టెంబరులో లోకానికి తెలిసింది. పరీక్ష జరుగుతున్నదని గ్రహించి అప్పుడు మాత్రమే పొగను శుభ్రపరచే ఏర్పాటును ఫోక్స్‌వాగన్ సంస్థ తన డీజెల్ కార్లలో పెట్టినట్లు అమెరికా ప్రభుత్వ సంస్థ వెల్లడించింది. అట్టి కార్లు ప్రపంచమంతటా సుమారు 1 కోటి 10 లక్షలు. ప్రయోగశాలలో కాక రోడ్డుమీద నడుపుతూ కొలిచినప్పుడే నిజం బయటపడింది. మన దేశంలో కూడ 2023 ఏప్రిల్ నుండి కొత్త కార్లకు రోడ్డుమీది పరీక్ష తప్పనిసరి అయినది.

మసి వడపోత, పట్టణ ప్రయాణం

నేటి డీజెల్ కారు పొగగొట్టంలో తేనెపట్టు వంటి గదులు గల వడపోత ఉంటుంది. పొగ దాని సన్నని గోడలగుండా పోతుంది. మసి లోపల నిలిచిపోతుంది. నిలిచిన మసిని ఎప్పటికప్పుడు కాల్చివేయకపోతే దారి మూసుకుపోతుంది. అది కాలడానికి సుమారు 600 డిగ్రీల వేడి కావలెను. ఇంజను అప్పుడప్పుడు కొంచెం అదనపు నూనెను వాడి ఆ వేడిని పుట్టిస్తుంది. అందుకు కారు కొంతసేపు ఆగకుండా, ఒక మోస్తరు వేగంతో నడవవలెను.

రోజూ ఐదారు కిలోమీటర్లు మాత్రమే, అదీ కూడళ్లవద్ద ఆగుతూ పోయే కారులో పొగకు ఆ వేడి ఎన్నడూ రాదు. కాల్చడం మొదలై, ఇల్లు రాగానే సగంలో ఆగిపోతుంది. మసి పేరుకొంటుంది. హెచ్చరిక దీపం వెలుగుతుంది. కాలక మిగిలిన నూనె కొంత సిలిండరు గోడలవెంట జారి ఇంజను ఆయిలును పలుచన చేస్తుంది. వడపోత పూర్తిగా మూసుకుపోతే దానిని మార్చే ఖర్చు, ఇంధనంలో మిగిలిన ఎన్నో సంవత్సరాల పొదుపును మ్రింగివేయవచ్చును. కనుక పైన చెప్పిన ఉపాధ్యాయుని వంటివారికి అంకగణితం ఇచ్చిన తీర్పునే రసాయనశాస్త్రం కూడ బలపరుస్తున్నది.

చట్టం వైపు కూడ చూడవలెను

పెద్ద నగరాల గాలిని కాపాడడానికి న్యాయస్థానాలు, ప్రభుత్వాలు మొదట దృష్టి పెట్టేది డీజెల్ మీదనే. 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో 2,000 ఘనసెంటీమీటర్లు, అంతకు మించిన డీజెల్ కార్ల రిజిస్ట్రేషనును ఆపివేసింది. 2016 ఆగస్టులో ధరపై 1 శాతం పర్యావరణ సుంకంతో అనుమతించింది. 2018లో ఆ ప్రాంతంలో డీజెల్ వాహనాలకు పదేండ్లు, పెట్రోలు వాహనాలకు పదిహేనేండ్లు వయఃపరిమితి అన్న నియమాన్ని అమలుపరచవలెనని ఆదేశించింది. 2025లో ఆ నియమపు అమలు కొంత సడలింది. ఈ నియమం ఢిల్లీ పరిసరాలకు సంబంధించినది. అయినా అక్కడికి బదిలీ కాగల ఉద్యోగి, పాత కారును అక్కడివారినుండి చౌకగా కొనదలచినవారు దీనిని తెలిసికొని ఉండడం మంచిది.

ఎవరు కొనవచ్చును?

పైన చెప్పినదంతా కూర్చి చూస్తే డీజెల్ కారు మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదని తేలుతుంది. ఏ పనికి అన్నది తెలిసినప్పుడే సమాధానం దొరుకుతుంది. సంవత్సరానికి ఇరవై వేల కిలోమీటర్లకు పైగా, ఎక్కువభాగం పెద్ద రోడ్లమీద, బరువుతో తిరిగేవారికి డీజెల్ కారు నేటికీ తగిన సాధనమే. పదివేలకు లోపు, ఎక్కువగా ఊరిలోనే తిరిగేవారికి పెట్రోలు కారు చాలును. లేదా సహజవాయువుతోను, విద్యుత్తుతోను నడిచే కార్లను ఇదే పద్ధతిలో లెక్కవేసి చూసుకొనవచ్చును. ఈ రెంటికి మధ్య ఉన్నవారు తమ ఊరి ధరలతో లెక్క వేసిగాని నిర్ణయించరాదు. డబ్బు సరిసమానంగా తేలినచోట, పొగ తక్కువ వదలేదానిని ఎన్నుకొనడం ఇరుగుపొరుగువారికి చేసిన ఉపకారమవుతుంది.

తరగతిలో చేయదగిన అభ్యాసం

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో ఒక అభ్యాసంగా చేయించవచ్చును. విద్యార్థులు తమ ఊరిలోని ఆనాటి పెట్రోలు, డీజెల్ ధరలను తెలిసికొనవలెను. కారు ఉన్న ఇరుగుపొరుగువారిని నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో, ట్యాంకు నింపిన తరువాత ఎంతదూరం వచ్చిందో అడిగి వ్రాసికొనవలెను. అదనపు ధరను కిలోమీటరు పొదుపుతో భాగించి, ఎన్నేండ్లకు డబ్బు తిరిగివస్తుందో కనుగొనవలెను. పిమ్మట కిలోమీటరుల సంఖ్యను అడ్డగీతమీద, రెండు కార్ల మొత్తం ఖర్చును నిలువుగీతమీద గుర్తించి రెండు సరళరేఖలు గీస్తే, అవి ఒకచోట ఖండించుకొంటాయి. ఆ బిందువుకు ఎడమవైపున ఉన్నవారికి పెట్రోలు కారు, కుడివైపున ఉన్నవారికి డీజెల్ కారు లాభం. తమ కుటుంబం ఏ వైపున ఉన్నదో ఆ పటంలో ప్రతి విద్యార్థీ తానే గుర్తించగలడు.